కంతుల మీద చేతులు మారే కారు: బండి పోయినా బాధ్యత పోదు

పాత కార్ల బేరాల్లో అనంతపురం, కర్నూలు, కడప పట్టణాలన్నింటా కనిపించే పద్ధతి ఒకటుంది. కారు మీద బ్యాంకు అప్పు ఇంకా రెండు మూడేళ్లు మిగిలి ఉండగానే సొంతదారు దాన్ని మరొకరికి అప్పగిస్తాడు. తీసుకునేవాడు కొంత సొమ్ము చేతికిచ్చి, మిగిలిన కంతులు, అంటే నెలనెలా కట్టే వాయిదాలు, తానే కట్టుకుంటానని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిస్తాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు, నోటరీ ముద్ర పడుతుంది, తాళాలు చేతులు మారతాయి. బండి రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్సీలో పేరు మాత్రం మారదు, అప్పిచ్చిన బ్యాంకుకు కబురు కూడా వెళ్లదు. కంపెనీ లీజు మీద తీసుకున్న కారును గడువు తీరకముందే తమ్ముడికో బావమరిదికో అప్పజెప్పడం కూడా ఈ కోవలోనిదే. రెండింటిలోనూ ఇద్దరి మధ్యే ముగిసిందనుకున్న వ్యవహారంలో నిజానికి మూడో పక్షం ఉంటుంది. ఆ మూడో పక్షం సంతకం చేయనంతవరకు మారేది బండి మాత్రమే, బాధ్యత కాదు.

ఇంత ప్రమాదం ఉన్నా ఈ పద్ధతి ఎందుకు బతికి ఉందంటే, దానికి అమాయకత్వం ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. రాయలసీమలో ఆదాయం నెలనెలా సమంగా రాదు. వేరుశనగో, ఉల్లో, మిరపో కలిసివచ్చిన ఏడాది కొన్న కారుకు, వాన ముఖం చాటేసిన ఏడాదిలోనూ ప్రతినెలా అయిదో తేదీకి కంతు కట్టవలసిందే. బోరు ఎండిపోయినప్పుడో, పిల్లల ఫీజులు మీదపడ్డప్పుడో ఇంట్లో ముందుగా వదిలించుకోదగిన వస్తువు కారే అవుతుంది. అప్పు మొత్తం ఒకేసారి తీర్చి, కాగితాలు తెచ్చుకుని, ఆ తర్వాత అమ్మడానికి కావలసిన డబ్బే ఉంటే అసలు అమ్మవలసిన అవసరమే రాకపోవచ్చు.

లెక్క కాస్త దగ్గరగా చూద్దాం. 8 లక్షల రూపాయల అప్పును 9.5 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెల కంతు సుమారు 16,800 రూపాయలు అవుతుంది. రెండేళ్లు, అంటే 24 కంతులు కట్టిన తర్వాత ఇంకా మిగిలే అసలు సుమారు 5,24,500 రూపాయలు. కట్టిన నాలుగు లక్షల చిల్లరలో లక్షా పాతికవేలకు పైగా వడ్డీకే పోతుంది కాబట్టి అసలు తగ్గింది రెండు లక్షల డెబ్బై అయిదు వేల చిల్లర మాత్రమే. ఇప్పుడు అప్పు ముందే తీర్చేయాలంటే స్థిర వడ్డీ అప్పుల మీద బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేస్తాయి. అది అయిదు శాతం అనుకుంటే, జీఎస్టీతో కలిపి సుమారు 31 వేలు. కొనేవాడు పాత కారు మీద కొత్తగా అప్పు తీసుకోవాలంటే వడ్డీ ఎక్కువ పడుతుంది. అది 14 శాతం అనుకుంటే అదే 5,24,500 రూపాయలకు, అదే మూడేళ్లకు నెల కంతు సుమారు 17,900 అవుతుంది. నెలకు పదకొండు వందల తేడా మూడేళ్లకు దాదాపు 40 వేలు. అంటే బ్యాంకుకు చెప్పకుండా కంతులు అప్పగించడం వల్ల ఇద్దరికీ కలిపి మిగిలేది 70 వేల రూపాయల పైచిలుకు. తక్కువ వడ్డీ అప్పు కొనసాగడం ఒక సౌకర్యం, దానికి ఒక ధర ఉంటుంది, ఆ ధర ఇది. దీనికోసం ఇద్దరూ నెత్తిన వేసుకుంటున్న బరువు ఎంతో తూచి చూసినప్పుడే బేరం గిట్టుబాటా కాదా అన్నది తేలుతుంది.

ఇదే లెక్కలో మరో పొరపాటు తరచూ దొర్లుతుంది. మిగిలిన 36 కంతులను 16,800తో హెచ్చవేసి, ఆరు లక్షల అయిదు వేలు బాకీ ఉందని చెప్పి, బండి ధరలోంచి ఆ మొత్తాన్ని తీసేసి బేరమాడతారు. అలా చేస్తే ఇంకా పడని వడ్డీని కూడా అమ్మేవాడి నెత్తిన వేసినట్టవుతుంది. బండి విలువలోంచి తీసివేయవలసింది ఆ రోజుకు మిగిలిన అసలు మాత్రమే. ఆ అంకె బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా స్టేట్‌మెంటులో స్పష్టంగా ఉంటుంది. మరోవైపు, కొనేవాడు గమనించవలసిన లెక్క కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. పాత పన్నుతో షోరూం ధర పది లక్షలున్న చిన్న పెట్రోలు కారు, తగ్గింపు మొత్తం ధరలో చూపితే, 9 లక్షల 15 వేలకు వస్తుంది. కొత్త కారే అంత తగ్గినప్పుడు, ఆ తేదీకి ముందు పాత ధరకు కొన్న బండి మీద మిగిలిన అప్పును ఉన్నదున్నట్టు నెత్తికెత్తుకోవడమంటే, పక్కవాడి పాత ధరను కూడా మోయడమే.

ఇక చట్టం సంగతి. అప్పు మీద కొన్న బండి ఆర్సీలో సొంతదారు పేరుతోపాటు అప్పిచ్చిన సంస్థ పేరు కూడా నమోదవుతుంది. ఆ పేరు ఉన్నంతకాలం ఆ సంస్థ రాతపూర్వక సమ్మతి లేకుండా ఆర్సీలో యజమాని పేరు మార్చడానికి వీల్లేదని 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ చెబుతుంది. అప్పు ఒప్పందంలో కూడా సమ్మతి లేకుండా బండిని అమ్మరాదు, అప్పగించరాదు అన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఒప్పందం వల్ల వచ్చే హక్కును మరొకరికి ఇచ్చుకోవచ్చు గాని, దాని భారాన్ని అవతలి పక్షం ఒప్పుకోకుండా ఇంకొకరి మీదికి నెట్టడం కుదరదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1962లోనే స్పష్టం చేసింది. భారం నిజంగా మారాలంటే 1872 కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావాలి, అందులో బ్యాంకు కూడా పక్షం కావాలి. వంద రూపాయల స్టాంపు కాగితం పనికిరానిదేమీ కాదు. ఆ ఇద్దరి మధ్య తగువు వస్తే సివిల్ కోర్టులో అది సాక్ష్యమే. అయితే దాని బలం ఆ ఇద్దరితోనే ఆగిపోతుంది. బ్యాంకును గాని, ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని గాని, చలానా పంపే పోలీసును గాని అది కట్టిపడేయలేదు.

అమ్మేవాడికి అన్నిటికన్నా పెద్ద ముప్పు రోడ్డు మీదే ఉంది. ఆర్సీ మార్చుకోకుండా చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ఏ సందేహమూ మిగల్చలేదు. ఆర్సీలో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో అతనే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతనిదే. బండి ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో వెతుక్కుంటూ పోవలసిన పని బాధితుడికి లేదు. అప్పిచ్చిన బ్యాంకు మీదికి దీన్ని నెట్టడమూ కుదరదు. అప్పు మీద కొన్న బండికి బ్యాంకును కాదు, రుణగ్రహీతనే చట్టం యజమానిగా లెక్కిస్తుంది.

బీమా ఉంది కదా అన్న ధీమా ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో తేదీలు చూస్తే తెలుస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (ప్రమాదంలో ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించేది) ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి. కొన్న రెండేళ్లకు కారును అప్పగించారంటే, ఆ బీమా తీరిపోయేది మరో ఏడాదికి, అప్పటికి బండి వేరేవాడి చేతిలో ఉంటుంది. రెన్యువల్ సందేశం వచ్చేది మాత్రం పాత సొంతదారు ఫోనుకే. తన దగ్గర లేని బండికి బీమా ఎందుకులే అని అతను ఊరుకుంటే, ఆర్సీ తన పేరు మీద లేదు కదా అని వాడేవాడు వదిలేస్తే, బీమా లేని ఆ మధ్యకాలంలో గుత్తి దగ్గరో డోన్ దగ్గరో 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక ప్రాణం పోయిందనుకుందాం. ప్రమాద కేసులు తేల్చే ట్రిబ్యునల్ వేసే లక్షల పరిహారానికి జప్తయ్యేది పాత సొంతదారు పొలమో ఇల్లో. మరణానికి, గాయాలకు చెల్లించవలసిన పరిహారానికి పై హద్దు కూడా లేదు. 70 వేల ఆదాకు ఎదురుగా తూకంలో ఉన్నది ఇది.

వాడేవాడి పరిస్థితీ మెరుగ్గా ఉండదు. యజమాని డ్రైవరుగా మరణిస్తే వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలోనూ పాలసీలోనూ పేరున్న వ్యక్తికే వర్తిస్తుంది గాని, స్టాంపు కాగితం మీద బండి తీసుకున్నవాడికి కాదు. సొంత బండి దెబ్బతిన్నప్పుడు వచ్చే క్లెయిము కూడా పాలసీ ఎవరి పేరున ఉందో వారికే చెందుతుంది.

రాయలసీమకు ప్రత్యేకమైన మరో ముప్పు ఉంది. కడప జిల్లాలోని లంకమల అడవులు, దక్షిణాన శేషాచలం కొండలు ఎర్రచందనానికి నిలయాలు. ఆ దుంగలు దొరికిన బండిని ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద స్వాధీనం చేసుకుని జప్తు చేసే అధికారం అటవీ శాఖకు ఉంది. తనకు తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ నిరూపించుకోవలసిన భారం యజమాని మీదే ఉంటుంది. బ్యాంకుకు చెప్పకుండా, ఆర్సీ మార్చకుండా బండిని ఇంకొకరికి అప్పగించిన మనిషి తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని ఏ ముఖంతో చెప్పగలడు? కర్ణాటక సరిహద్దు దాటించే మద్యం కేసుల్లోనూ వెతుకులాట మొదలయ్యేది నంబరు ప్లేటు నుంచే. ఇలాంటి పనులకు పెట్టేవాళ్లు పేరు మారని బండినే ఏరుకుంటారన్నది చెప్పనక్కరలేదు.

కంతులు సవ్యంగా కట్టేవాడే దొరికినా ఇరుకు తప్పదు. ఆటో డెబిట్ పాత సొంతదారు బ్యాంకు ఖాతాకే ముడిపడి ఉంటుంది. తీసుకున్నవాడు నాలుగో తేదీకల్లా ఫోన్‌పేలో డబ్బు పంపాలన్నది మాట. ఆ మాట ఒక నెల తప్పితే చెక్కు తిరగొట్టినట్టే. బౌన్సు చార్జీలు పడతాయి. ఆటో డెబిట్‌కు ఇచ్చిన ఎలక్ట్రానిక్ మాండేట్ తిరిగొస్తే 2007 చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలు కూడా బ్యాంకుకు ఉంది. 2025 జనవరి నుంచి అప్పు ఖాతాల వివరాలు కనీసం పదిహేను రోజులకొకసారి, అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలకు చేరుతున్నందువల్ల, ఆలస్యం ముద్ర పాత సొంతదారు స్కోరు మీద త్వరగానే పడుతుంది. రేపు ఇంటి అప్పుకో, పిల్ల చదువు అప్పుకో బ్యాంకు గడప తొక్కినప్పుడు ఎవరో వాడిన బండి బాకీ ఎదురొస్తుంది. అప్పుకు జామీను ఉన్న బంధువుకూ అదే గతి.

తీసుకున్నవాడి వైపు నుంచి చూస్తే అన్యాయం ఇంకో రకంగా ఉంటుంది. అతను నెలనెలా కట్టిన సొమ్ముకు బ్యాంకు పుస్తకాల్లో అతని పేరు ఎక్కడా ఉండదు. పాత సొంతదారు అదే బ్యాంకులో తీసుకున్న మరో అప్పు మొండిబకాయి అయితే, ఒప్పందంలోని షరతును బట్టి కారు మీద కూడా చెయ్యి పడవచ్చు. ఫైనాన్స్ కంపెనీ మనుషులు బండిని సీజ్ చేయడానికి వచ్చినప్పుడు నోటరీ కాగితం చూపితే వాళ్లు దాన్ని చదవరు కూడా. అన్నీ సవ్యంగా జరిగి చివరి కంతు పడిపోయిన రోజు మరో చిక్కు మొదలవుతుంది. నో అబ్జెక్షన్ సర్టిఫికెట్టు, అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసే ఫారం 35 రెండూ రుణగ్రహీత పేరు మీదే వస్తాయి. ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించడానికి, పేరు మార్పిడికి కావలసిన 29, 30 ఫారాలకు, ఫోనుకు వచ్చే ఓటీపీకి అతనే కావాలి. మూడేళ్లలో అతను హైదరాబాదుకు మారిపోయి ఉండవచ్చు, మరణించి ఉండవచ్చు, ఇప్పుడు కారు ధర పెరిగింది ఇంకో యాభై వేలు ఇస్తేనే సంతకం అనవచ్చు. ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు తీసి పెట్టుకోవడం దీనికి విరుగుడని పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలవారు చెబుతారు గాని, సంతకం చేసిన మనిషి చనిపోతే ఆ ఫారం చెల్లదు. వారసుల దగ్గరికి వెళ్లక తప్పదు.

లీజు కారు విషయానికి వస్తే గీత ఇంకా గట్టిది. అప్పు మీద కొన్న కారుకు కనీసం యజమాని రుణగ్రహీతే. లీజు కారు మీద ఆస్తి హక్కు లీజు కంపెనీదే, వాడుకునేవాడు అద్దె కడుతున్నాడంతే. బెంగళూరులో ఉద్యోగాలు చేసే అనంతపురం, కర్నూలు యువకుల్లో చాలామంది జీతంలో భాగంగా ఇలా కారు తీసుకుంటారు. అక్కడ లీజు ఒప్పందం లీజు కంపెనీకీ ఉద్యోగమిచ్చిన సంస్థకూ మధ్య ఉంటుంది, ఉద్యోగి వాడుకదారు మాత్రమే. ఉద్యోగం మానేస్తే, కొత్త సంస్థకు అదే లీజు కంపెనీతో ఏర్పాటు ఉంటే లీజును అటు మార్చుకోవచ్చు. లేకపోతే మిగిలిన అద్దె, లీజు చివరికి కారుకు ఉంటుందని ముందే లెక్కకట్టిన విలువ, ముందస్తు ముగింపు రుసుము కట్టి కారును సొంతం చేసుకోవాలి, లేదా జరిమానాతో తిరిగి ఇచ్చేయాలి. ఊళ్లో ఉన్న అన్నకు ఆ లీజును రాసివ్వడమన్న దారి ఈ ఏర్పాటులో లేదు. అమెరికా, కెనడాల్లో లీజు మధ్యలో మరొకరికి మార్చుకోవడం మామూలే. అయినా అక్కడా లీజు కంపెనీ కొత్త మనిషి పరపతి చూసి, రుసుము తీసుకుని, కాగితం మార్చిన తర్వాతే అది పూర్తవుతుంది. కొన్ని కంపెనీలు అసలు ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకున్నా గడువు తీరేదాకా మొదటి మనిషిని బాధ్యత నుంచి వదలవు. అక్కడున్న పిల్లల ద్వారా విని, ఇక్కడా అంతే తేలికని అనుకోవడం సరికాదు.

బెంగళూరు నుంచి వచ్చే బండికి మరో మెలిక ఉంది. కేఏ నంబరు కారు ఆంధ్రలో పన్నెండు నెలలకు మించి ఉండిపోతే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దానికి కర్ణాటక ఆర్టీవో నిరభ్యంతర పత్రం, అప్పుంటే బ్యాంకు సమ్మతి, ఆంధ్రలో జీవితకాల పన్ను, కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు దరఖాస్తు, ఇవన్నీ కావాలి. బ్యాంకుకు తెలియకుండా తెచ్చిన బండికి వీటిలో మొదటి అడుగే పడదు. అనంతపురం వీధుల్లో ఏళ్ల తరబడి కేఏ నంబరుతోనే తిరిగే కార్లు అన్ని కనిపించడానికి పన్ను ఎగవేత ఒక్కటే కారణం కాదు. వాటిలో కొన్నింటి కాగితాలు కదలవు.

సవ్యమైన దారులు ఉన్నాయి, అవి మరీ కష్టమూ కాదు. అన్నిటికన్నా శుభ్రమైనది బ్యాంకు ఒప్పుకుని అప్పునే కొత్త మనిషి పేరుకు మార్చడం. అతని ఆదాయం, సిబిల్ స్కోరు చూసి, రుసుము తీసుకుని, కొత్త ఒప్పందం రాసుకుంటారు. ఆర్సీ మార్పిడికి పెట్టే ఫారం 30లో బ్యాంకు సమ్మతికి చోటుంది, అక్కడ సంతకం పడితే పేరు చట్టబద్ధంగా మారిపోతుంది, బ్యాంకు పేరు అలాగే కొనసాగుతుంది. అన్ని బ్యాంకులూ దీనికి ఒప్పుకోవు గాని అడగకుండానే లేదనుకోవడం ఎందుకు? ఒప్పుకోకపోతే కొనేవాడి డబ్బుతోనే అప్పు తీర్చడం రెండో దారి. ఇక్కడ ఒక్క జాగ్రత్త చాలు: సొమ్ము అమ్మేవాడి చేతికి కాకుండా నేరుగా అప్పు ఖాతాకు వెళ్లాలి. బ్యాంకు రాసిచ్చే ముగింపు లేఖలో తేదీ, మొత్తం ఉంటాయి, ఆ మొత్తం పోగా మిగిలిందే అమ్మేవాడిది. కొనేవాడు వేరే బ్యాంకులో పాత కారు అప్పు తీసుకుంటే కొత్త బ్యాంకే పాత బ్యాంకుకు చెల్లిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, రవాణా శాఖ గుర్తింపున్న డీలరుకు బండి అప్పగించి ఆ సంగతి ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, అప్పటినుంచి ఆ డీలరునే యజమానిగా లెక్కిస్తారు. కన్సల్టెన్సీ ద్వారా అమ్మేటప్పుడు వారికి ఈ గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోవడం మంచిది.

ఏ దారిలో అమ్మినా రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో అమ్మినవాడు, 30 రోజుల్లో కొన్నవాడు రవాణా శాఖకు తెలియజేయాలి. బీమా బదిలీకి కొన్నవాడు 14 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. క్లెయిము లేనందుకు వచ్చే బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినవాడు ధ్రువపత్రం తీసుకుంటే తన తర్వాతి కారుకు వాడుకోవచ్చు. ఫాస్టాగ్ కూడా బండితోపాటు ఇచ్చేయకూడదు. కొత్త మనిషి అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్లు దాటిన ప్రతిసారీ పాతవాడి ఖాతాలో డబ్బు పోతుంది.

ఇప్పటికే కంతుల మీద బండి అప్పగించేసినవారు చేయగలిగింది కొంత ఉంది. ముందు అప్పు ఖాతా స్టేట్‌మెంటు, బీమా గడువు, పెండింగ్ చలానాలు చూసుకోవాలి; నంబరు కొడితే చలానాలు, బీమా తేదీ ఫోనులోనే తెలుస్తాయి. బీమా తీరిపోయి ఉంటే ఎవరు కట్టాలన్న వాదన తర్వాత, ముందు థర్డ్ పార్టీ పాలసీ అయినా తీసుకోవాలి. ఆ ప్రీమియం కొన్ని వేలు మాత్రమే. తీసుకున్నవాడితో కలిసి బ్యాంకుకు వెళ్లి, ఉన్న సంగతి చెప్పి అప్పు మార్పిడికి అడగాలి. కంతులు సరిగా పడుతున్న ఖాతా విషయంలో బ్యాంకు కూడా తగువుకు దిగడానికి తొందరపడదు. అతను రానంటే, లేదా కంతులు ఆపేస్తే, బండి ఎప్పుడు ఎవరికి అప్పగించిందీ రాసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, బ్యాంకుకూ ఆర్టీవోకూ ప్రతులు ఇవ్వాలి. దానివల్ల ఆర్సీ మారదు, పరిహారం బాధ్యతా తప్పదు. కానీ నేరం కేసు వచ్చిన రోజున, బండి తన చేతిలో లేదని చూపడానికి ఆ రోజుకన్నా ముందు తేదీ వేసిన కాగితం ఒకటి దగ్గర ఉంటుంది.